శొంఠి ఏ అరలో ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అమ్మా, మాది మురళీనగర్. మా వారు ముప్పై మూడేళ్లు ఒక పెద్ద ఫ్యాక్టరీలో, స్టోర్స్ విభాగంలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నా వంటగది సర్దారు. పప్పులన్నీ ఒక అర, పిండ్లు ఒక అర, దినుసులు ఒక అర, నూనెలు కింద. ప్రతి డబ్బాకీ ఒక చీటీ, చీటీ మీద నంబరు, నోటుబుక్కులో ఆ నంబర్ల జాబితా. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ నాకు ఏదీ దొరకడం లేదు. నేను పెట్టుకునే తీరు వేరు. పులిహోరకి కావలసిన చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ, పల్లీలు ఒకచోట ఉంచుతాను. జలుబు, జ్వరం వస్తే పనికొచ్చే శొంఠి, మిరియాలు, వాము, సగ్గుబియ్యం ఒక మూల. అల్లుడు వస్తే తీసే మంచి కప్పులు, కాఫీ పొడి, జీడిపప్పు ఇంకోచోట. కిందటి వారం రాత్రి పదకొండింటికి మనవడికి దగ్గు తెర పట్టుకుంటే శొంఠి కోసం పావుగంట వెతికాను. ఆయన లేచొచ్చి, "దినుసుల అర, పద్నాలుగో నంబరు" అని చెయ్యిపెట్టి తీసిచ్చారు. "ఏటే, నీ బుర్ర గంపలా ఉంది, అన్నీ కలిపి పోసేస్తావు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు తెల్లార్లూ నిద్ర పట్టలేదు. అమ్మాయికి చెబితే "మీ ఇద్దరి పర్సనాలిటీలే వేరమ్మా" అంటుంది. మనిషి స్వభావాన్ని బట్టే బుర్రలో సంగతులు సర్దుకుంటాయా? నా పద్ధతి తప్పా? లేక నాకు మతిమరుపు మొదలైందా? నాకిప్పుడు 58 ఏళ్లు.
ఒక పాఠకురాలు, మురళీనగర్, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకి జవాబు చెబుతాను. మీ నిద్ర పాడుచేసింది అదే కదా. మీరు రాసినదాన్ని బట్టి అది మతిమరుపులా లేదు. శొంఠి అంటే ఏమిటో, దేనికి పనికొస్తుందో, పిల్లాడు దగ్గగానే అదే కావాలనీ మీకు తెలుసు. మీ చెయ్యి తిన్నగా పాత మూలకి వెళ్లింది, అక్కడ అది లేదు. అంతే జరిగింది. ఒక సంగతి గుర్తు రావడానికి ఏదో ఒక ఆనవాలు కావాలి. ఆ సంగతి మనసులోకి వెళ్లినప్పుడు పక్కన ఏముందో, తీసేటప్పుడు కూడా అదే ఆనవాలుగా బాగా పనికొస్తుంది. 1973లో ఎండెల్ టల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ అనే సైకాలజిస్టులు ఈ సంగతిని ప్రయోగాలతో చూపించారు. మీ మనసులో శొంఠి దగ్గు పక్కన ఉంది. మీ వారు దాన్ని జీలకర్ర పక్కకి మార్చారు.

మీరు సర్దుకున్న చోటే, మీ పద్ధతిలోనే వస్తువులు దొరక్కపోవడం, రోజూ చేసే వంటలో వరస తప్పిపోవడం, తెలిసిన వస్తువుల పేర్లు మాటిమాటికీ అందకపోవడం ఎప్పుడైనా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు మీరు చెప్పింది అది కాదు.

ఇక గంప సంగతి. ఆ మాట నన్నూ బాధపెట్టింది. ఒకప్పుడు నేను చదివిన పుస్తకాలు కూడా మీ పద్ధతిని ఇంచుమించు అలాగే చూసేవి. కుక్కనీ పిల్లినీ ఒకచోట, ఎముకనీ రొట్టెనీ ఇంకోచోట పెడితే అది పెద్దల ఆలోచన, కుక్కనీ ఎముకనీ కలిపితే అది చిన్నపిల్లల ఆలోచన, వయసు పెరిగితే పోతుంది అనేవి. 1931, 32 ప్రాంతంలో అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులకి సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపించి వీటిలో ఏది చేరదు అని అడిగాడు. చదువుకున్నవాళ్లు దుంగ అంటారు, మిగతా మూడూ పనిముట్లు కాబట్టి. బడికి వెళ్లని రైతులు చాలామంది దుంగని తియ్యడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో, గొడ్డలితో ఏం పని అన్నారు. నేను తరగతిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీల్లో ఎవరో ఒకరు "వాళ్లన్నది రైటే కదా మేడమ్" అనేవారు. రైటే. 2001లో ఎమిలీ లిన్, గ్రెగరీ మర్ఫీ అమెరికాలో చదువుకున్న పెద్దవాళ్ల మీద వరసగా ప్రయోగాలు చేస్తే, వాళ్లలో కూడా చాలామంది వస్తువుల రకాన్ని బట్టి కాకుండా, ఏది దేనితో కలిసి పనిచేస్తుందో దాన్ని బట్టే జత కట్టారు. కాబట్టి పులిహోర సామాను ఒకచోట పెట్టడం చదువులేనితనమూ కాదు, చిన్నపిల్లల బుద్ధీ కాదు.

మీ వారి పద్ధతిని తక్కువ చేయడం లేదు. శాస్త్రవేత్తలు కూడా మొదట మనసుని ఆయన స్టోర్స్ లాగే ఊహించారు. 1969లో అలన్ కాలిన్స్, రాస్ క్విలియన్ చేసిన ప్రయోగం చాలా పేరున్నది. కెనరీ అనే పిట్ట పక్షుల కింద, పక్షులు జంతువుల కింద, ఇలా మెట్లమెట్లుగా మనసులో ఉంటాయన్నారు. "కెనరీ పాడుతుంది" అనే మాట నిజమో కాదో జనం తొందరగా చెప్పారు. "కెనరీకి చర్మం ఉంటుంది" అంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే చర్మం సంగతి రెండు మెట్లు పైన, జంతువుల దగ్గర రాసి ఉంటుందనుకున్నారు. చక్కటి లెక్క. కానీ నిలబడలేదు. ఎలినోర్ రోష్ వచ్చి, జనం మనసులో పిచ్చుక ఎంత పక్షో పెంగ్విన్ అంత పక్షి కాదని చూపించింది. ఒకే అరలో ఉన్నవి కూడా సమానంగా ఉండవన్నమాట, కొన్ని ముందుకి వస్తాయి, కొన్ని అంచున ఉంటాయి. చివరికి కాలిన్స్ తానే 1975లో ఎలిజబెత్ లాఫ్టస్‌తో కలిసి ఆ మెట్లని పక్కనపెట్టి ఒక అల్లికలాంటి చిత్రం గీశాడు. ఒక ముడి కదిలితే దాని చుట్టుపక్కల ముడులన్నీ కదులుతాయి, దగ్గరివి ఎక్కువ, దూరానివి తక్కువ. మన జాలర్లు వల ఆరేసేటప్పుడు ఒక కొస పట్టి లాగితే ఎలా కదులుతుందో అలా. మీ మనసులో మనవడి దగ్గు వినగానే శొంఠి, మిరియాలు, వేడినీళ్లు కలిసి కదిలాయి. మీ వారికి శొంఠి అనగానే దినుసుల అర కదిలింది. అల్లిక ఇద్దరికీ ఉంది, ముడులు వేరేచోట్ల బిగిశాయి.

ఆ ముడులు బిగించింది స్వభావమా అన్నది మీ అమ్మాయి మాటలో ఉన్న అసలు ప్రశ్న. దీనికి నా తరగతి గదిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే డిగ్రీ అమ్మాయిలకి సైకాలజీ చెప్పేదాన్ని. ఒకరోజు, ఒక్క నిమిషంలో గుర్తొచ్చినన్ని చేపల పేర్లు రాయమన్నాను. మామూలుగా ఈ పరీక్షకి జంతువుల పేర్లు అడుగుతారు. సముద్రం ఒడ్డున ఉన్నాం కదా అని నేను చేపలన్నాను. కాగితాలు తీసుకుని ఇంటికొచ్చి చూస్తే మూడు కాగితాల దగ్గర ఆగిపోయాను. ఒకటి పెద జాలరిపేట అమ్మాయిది. వంజరం, సొర ముందు రాసి, కాస్త ఖాళీ వదిలి, నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు రాసింది. మర్నాడు ఎందుకలా ఖాళీ వదిలావని అడిగితే, "అవి గాలానికి, ఇవి వలకి మేడమ్" అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. రెండోది సీతమ్మధార అమ్మాయిది. చందువ, వంజరం వేపుడుకి, మిగతావి పులుసుకి. ఆ అమ్మాయి రాసిన వరస వాళ్లింటి ఆదివారం వంట వరసే. మూడో అమ్మాయి ఇంట్లో చేప వండరు. గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టి, బీచ్ రోడ్డులో మత్స్యదర్శినిలో అద్దాల వెనక చూసినవి రాసి, చివర డాల్ఫిన్, తిమింగలం కూడా కలిపేసింది. అవి చేపలు కావని ఆమెకి తెలుసు, కానీ అద్దం ముందు నిలబడి నీళ్లు తల్చుకున్న మనసుకి అవీ వచ్చి చేరాయి.

ఆ ముగ్గురి స్వభావాలూ నాకు బాగా తెలుసు. జాలరిపేట అమ్మాయీ మూడో అమ్మాయీ ఇద్దరూ నెమ్మదస్తులు, నోట్సు అచ్చుగుద్దినట్టు రాసేవారు. అయినా చేపల దగ్గరికొచ్చేసరికి ఒకరి కాగితానికీ ఇంకొకరి కాగితానికీ పోలికే లేదు. తర్వాత తెలిసింది, 1989లో బోస్టర్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇలాంటిదే చూశారని. చేపలు పట్టడం తెలియనివాళ్లు చేపల్ని ఆకారం చూసి గుంపులు చేశారు. బాగా పట్టేవాళ్లు తినడానికి ఎలా ఉంటుంది, పట్టడం ఎంత కష్టం, ఇలాంటి వాడకం సంగతుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. నేను ఎప్పటికీ గట్టిగా పట్టుకుని ఉన్న అభిప్రాయం ఇది: మనసులో సంగతుల అమరికని ముందుగా తీర్చేది మనం వాటితో బతికిన తీరు. మీ వారు ముప్పై మూడేళ్లు ఎవరో వచ్చి ఏ వస్తువు అడుగుతారో తెలియని కౌంటరు దగ్గర కూర్చున్నారు. అక్కడ వస్తువుల రకాన్ని బట్టి సర్దకపోతే పని జరగదు. మీకు మాత్రం ఎవరు వస్తారో, ఏం అడుగుతారో, ఏ వేళకి అడుగుతారో అన్నీ తెలుసు. అందుకే మీరు మనుషుల్ని బట్టి, సందర్భాన్ని బట్టి సర్దారు. అల్లుడికి ఒక అర ఉందంటే దానర్థం అదే.

ఇంకో సంగతి కూడా గమనించండి. పొందికగా ఉండటం అనేది స్వభావంలో ఒక గుణమే, అందులో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. కానీ ఇన్నేళ్లూ ఏ వస్తువూ చోటు తప్పకుండా పెట్టుకున్న మీకు పొందిక లేదని ఎలా అంటాం? చీటీలు లేకపోయినంత మాత్రాన క్రమం లేనట్టు కాదు.

అలాగని స్వభావానికి ఏ వాటా లేదనను, ఉంది. స్వభావాన్ని ఇప్పుడు ఎక్కువగా ఐదు కొలతల మీద చూస్తున్నారు. వాటిలో ఒకటి కొత్త అనుభవాలకీ కొత్త ఊహలకీ మనసు ఎంత తెరిచి ఉంటుందన్నది. 2018లో అలెగ్జాండర్ క్రిస్టెన్‌సెన్, అతని తోటివాళ్లు ఆ గుణం ఎక్కువ ఉన్నవాళ్లనీ తక్కువ ఉన్నవాళ్లనీ జంతువుల పేర్లు చెప్పమని, ఆ పేర్ల వరసల నుంచి ఒక్కో గుంపుకీ ఒక అల్లిక గీశారు. గుణం ఎక్కువ ఉన్నవాళ్ల అల్లికలో ముడుల మధ్య దారులు ఎక్కువ, దూరాలు తక్కువ. ఒకదాన్నుంచి ఇంకోదానికి మనసు సులువుగా దాటుతుందన్నమాట. ఇది గుంపుల మధ్య తేడా అని మర్చిపోకూడదు. ఒక మనిషి వంటగది చూసి ఆ మనిషి ఎలాంటిదో చెప్పడానికి ఇది పనికిరాదు. మన గురించి మనం ఏమనుకుంటామో దానికీ పట్టు ఉంది. 1977లో హేజెల్ మార్కస్ చూపించింది: నేను ఎవరి మీదా ఆధారపడను అనుకునేవాళ్లు అలాంటి మాటలు తమకి వర్తిస్తాయో లేదో చటుక్కున చెప్పారు, తమ జీవితం నుంచి ఉదాహరణలూ తేలిగ్గా తీశారు. నేనేంటో అన్న ఊహ చుట్టూ జ్ఞాపకాలు దట్టంగా పేరుకుంటాయి.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం జార్జ్ కెల్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు. ఆయన 1955లో రెండు సంపుటాలుగా రాసిన పుస్తకంలో ఒక మాట చెప్పాడు: ప్రతి మనిషీ లోకాన్ని తనవైన కొన్ని జంట మాటలతో కొలుస్తాడు, ఆ కొలమానాల అమరికే అతని వ్యక్తిత్వం. ఆ జంటల్ని బయటికి తీయడానికి ఒక పద్ధతీ చెప్పాడు. తెలిసిన ముగ్గురి పేర్లు ఇచ్చి, వీళ్లలో ఏ ఇద్దరు ఒకలాంటివాళ్లు, మూడో మనిషి ఎలా వేరు అని అడగాలి. అలా పేర్లు మార్చి మార్చి అడగాలి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో దీన్ని మా అమ్మ మీద ప్రయత్నించాను. అమ్మ వాకిట్లో చాపేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెద్దత్త, చిన్నమ్మ, పక్కింటి మామ్మగారు, ఈ ముగ్గురి పేర్లు చెప్పాను. ఇద్దరు చుట్టాలు, ఒకరు పొరుగు అంటుందనుకున్నాను. అమ్మ తలెత్తకుండానే, "పెద్దత్తా మామ్మగారూ అడక్కుండా పెడతారు. చిన్నమ్మ అడిగితే పెడుతుంది" అంది. ఇంకో ముగ్గుర్ని చెప్పాను: మా నాన్న, డాక్టరుగారు, బియ్యం కొట్టాయన. "మీ నాన్నా డాక్టరూ అడిగితేగానీ చెప్పరు. కొట్టాయన అడక్కపోయినా చెబుతాడు" అంది. పన్నెండు సార్లు అడిగితే తొమ్మిది సార్లు ఆ మాటే తిరిగొచ్చింది, అడగడం, అడక్కపోవడం. మా అమ్మకి తొమ్మిదో ఏట వాళ్లమ్మ పోయింది. పెళ్లయ్యేదాకా మేనమామ ఇంట్లో పెరిగింది. అన్నం రెండోసారి వడ్డించమని అడగాలా వద్దా అని ఆలోచిస్తూ పెరిగిన పిల్ల. ఆ సంగతి నాకు తెలుసు, కానీ అది ఆమె మనసులో మనుషులందర్నీ సర్దే అరల పేరైపోయిందని ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు అడిగేలోపే ఇచ్చేది. అది ఆమె స్వభావం అని అందరూ అనేవారు. అది స్వభావమో, ఆ తొమ్మిదేళ్ల పిల్ల జ్ఞాపకమో విడదీసి చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను, విడదీయాలని కూడా అనిపించదు.

అందుకని అమ్మా, ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. వంటింటి వస్తువుల పేర్లు ఇరవై చీటీల మీద రాసి, మీరు ఒకసారి, ఆయన ఒకసారి, ఒకరిది ఒకరు చూడకుండా కుప్పలు పెట్టండి. తర్వాత ఒకరి కుప్పకి ఇంకొకరు పేరు పెట్టడానికి ప్రయత్నించండి. ఆయన "జలుబు కుప్ప" అన్న మాట తన నోటితో తానే అనాలి. వీలైతే బంధువుల పేర్లతో కెల్లీ పద్ధతి కూడా చెయ్యండి, కలిసి ఇన్నేళ్లు కాపురం చేసినా వినని మాటలు వింటారు. ఆయన్ని ఇంకో ప్రశ్న అడగండి. ఫ్యాక్టరీలో పెద్ద మరమ్మతు కోసం షట్‌డౌన్ చేసేటప్పుడు, ఆ పనికి కావలసిన బోల్టులు, గ్యాస్కెట్లు, గ్రీజు ముందురోజే ఒకచోట తీసి పెట్టేవారా, లేదా? పెట్టే ఉంటారు. మీ జ్వరం మూల అలాంటిదే, పైగా పిల్లాడి దగ్గు షట్‌డౌన్‌లా చెప్పి రాదు.

నెల సరుకు, నిల్వ డబ్బాలు ఆయన పద్ధతిలో ఉండనివ్వండి, అక్కడ అది నిజంగా బాగా పనికొస్తుంది, ఏది అయిపోయిందో చూడగానే తెలుస్తుంది. పొయ్యికి చెయ్యి అందే దూరంలో ఉన్న అరలు మాత్రం మీవి. వాటిని మీ మనసులో ఉన్నట్టే మళ్లీ సర్దుకోండి. శొంఠి రెండు చోట్లా ఉండొచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను మద్దిలపాలెంలో ఉంటూ నేవీలో ఆఫీసర్ ఉద్యోగం కోసం ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నాను. అందులో 60 పదాలు ఒక్కొక్కటి 15 సెకన్లు చూపిస్తారు, ప్రతి పదానికీ మనసులోకి వచ్చిన వాక్యం రాయాలి. మంచి వాక్యాలు ముందే బట్టీపట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. మాటకి మాట తట్టినంత మాత్రాన నా పర్సనాలిటీ తెలిసిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: బాబూ, ఈ ఆలోచన చాలా పాతది. 1879లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 75 పదాలు రాసుకుని, ఒక్కొక్కటీ చూడగానే ఏం తట్టిందో గడియారం పెట్టుకుని తన మీద తానే నాలుగు విడతలు పరీక్షించుకున్నాడు. తట్టినవాటిలో చాలా భాగం తన చిన్నతనానివీ యువ వయసువీ అని చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత జ్యూరిక్‌లో కార్ల్ యుంగ్ అనే మానసిక వైద్యుడు 100 పదాల జాబితాతో, మనిషి ఎక్కడ తడబడి ఆలస్యం చేస్తాడో చూసేవాడు. అంటే తట్టే మాటకీ బతికిన బతుక్కీ సంబంధం ఉంది. ఒక్క మాటని పట్టుకుని మనిషిని చదివేయడం మాత్రం కుదరదు, అందుకే ఆ ఇంటర్వ్యూలో దీనితోపాటు ఇంకా పరీక్షలు, గ్రౌండులో టాస్కులు, మాటామంతీ అన్నీ ఉంటాయి, అది ఒక్క పూట పని కాదు.

బట్టీ వద్దు. 15 సెకన్లలో బట్టీపట్టిన వాక్యం కోసం వెతకడం, అందులో వేరే పదం వస్తే తడబడటం, ఇదంతా టెన్షన్ పెంచడమే. దాని బదులు రోజూ సాయంత్రం ఒక పది పదాలు తీసుకో. "సముద్రం" అనగానే నీకు తట్టింది ఆర్కే బీచ్‌లో నువ్వు ఈత నేర్చుకున్న రోజా, హుద్‌హుద్ తుపాను రాత్రి ఇంట్లో చీకట్లో కూర్చున్న సంగతా? ఏది వచ్చినా దాన్ని ఒక చిన్న వాక్యంగా రాయడం అలవాటు చేసుకో. ఏ పదానికైనా ఏమీ తట్టడం లేదంటే ఆ వైపు నీ అనుభవం పల్చగా ఉండి ఉండొచ్చు. "జట్టు" అన్న పదం దగ్గర పెన్ను ఆగిపోతే, ఈ వారం నుంచే మీ కాలేజీ గ్రౌండుకి వెళ్లి వాలీబాల్ ఆడు.